పాలు కేంద్రానికి పోసి పౌడర్ డబ్బా ఇంటికి తెచ్చుకుంటున్నాం

ఈ పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటుంది. మిరప చేనుకి నీళ్ళు పెట్టి, కరెంటు పోయేదాకా గట్టు మీద కూర్చుని మూడు రోజులుగా కొంచెం కొంచెం రాశాను. తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. రెండేళ్ళ క్రితం ఇదే పేజీలో నేను ఒక డబ్బా ఫొటో పెట్టాను. పాతగా చదివేవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మునగాకు, ఉసిరి, తిప్పతీగ, పసుపు, అశ్వగంధ, ఇంకా ఏవేవో కలిపిన పొడి. "రోగనిరోధక శక్తి పెంచుతుంది, పూర్తిగా ప్రకృతి సిద్ధం, రైతు బిడ్డలం మనం వాడకపోతే ఎవరు వాడతారు" అని రాశాను. నాలుగొందల మంది దాకా లైకు కొట్టారు. కావాలంటే నన్ను అడగండి అని ఫోన్ నెంబరు కూడా పెట్టాను. ఆ పోస్టు మొన్న తీసేశాను. చడీచప్పుడు లేకుండా తీసేసి ఊరుకుంటే అది మగతనం కాదు. ఎందుకు తీశానో చెప్పాలి, అందుకే ఇది.

అసలు సంగతి ఏంటంటే, మా ఊరికి ఒక కంపెనీ తరఫున మనుషులు వచ్చి మీటింగు పెట్టారు. కంపెనీ పేరు చెప్పను, ఆ పేరు పోతే ఇంకో పేరుతో వస్తారు. కరోనా పోయి ఏడాదో రెండేళ్ళో అయ్యింది కానీ భయం పోలేదు. 2021 మే నెలలో మనం ఎట్లా ఉన్నామో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. కృష్ణపట్నంలో మందు ఇస్తున్నారంటే వేల మంది బారులు తీరారు. ఇంటింటా కషాయం కాచారు. మా ఊళ్ళో ఆ ఒక్క నెలలో ఐదుగురిని పోగొట్టుకున్నాం. అట్లాంటి భయం ఉన్న చోటికి వచ్చి "మీ ఒంట్లో శక్తి పెంచే పొడి" అంటే ఎవరు కాదంటారు? నేనూ కాదనలేదు. 8,400 కట్టి ఆరు డబ్బాలు తెచ్చుకున్నా. కింద నలుగురిని చేర్పిస్తే కమీషన్ అన్నారు. చేర్పించాను కూడా.

ఆ డబ్బాల్లో మూడు మా బాబాయి కొడుకు, నా తమ్ముడు తీసుకున్నాడు.

వాడికి రెండెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. మనిషి కష్టజీవి. ఆ ఏడాది కార్తీకం నుంచి దగ్గు పట్టుకుంది. మిరప కోతల ఘాటు అనుకున్నాం. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చగా ఉండేది, అన్నం సయించేది కాదు, చొక్కాలు వదులైపోయినాయి. నేను ఏం చెప్పానో తెలుసా? "పొడి రెండు పూటలా వేసుకో రా, మొదట్లో ఒంట్లో ఉన్న చెడు అంతా బయటికి వస్తది, దగ్గు అందుకే" అని చెప్పాను. మీటింగులో వాళ్ళు నాకు చెప్పిన మాటే అది. నేను దాన్ని నమ్మి వాడికి చెప్పాను. వాడు నన్ను నమ్మాడు. అన్న చెప్పాడు కదా అని సంక్రాంతి దాటిందాకా మూడు డబ్బాలు పూర్తి చేశాడు.

చివరికి మా మరదలే తెగించింది. "బావగారూ, మీ పొడి మీరే తాగండి, నేను ఈయన్ని ఆసుపత్రికి తీసుకుపోతున్నా" అంది. ఆ మాట అప్పుడు నాకు కోపం తెప్పించింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ అమ్మాయికి దణ్ణం పెట్టాలనిపిస్తది. పీహెచ్‌సీలో కళ్ళె పరీక్ష చేశారు. క్షయ, అంటే టీబీ. ఇంట్లో వాళ్ళందరికీ పరీక్షలు చేస్తే తొమ్మిదేళ్ళ చిన్న కూతురికి కూడా అంటుకుని ఉంది.

ఆ రోజు పీహెచ్‌సీ వరండాలో కూర్చుని ఆ పిల్ల నా ఫోన్లో ఆటలు ఆడుకుంటా ఉంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రెండు నెలల ముందు వచ్చి ఉంటే పిల్లకి అంటేది కాదేమో. అంటేదేమో కూడా. అది ఎవరూ చెప్పలేరు. కానీ ఆ రెండు నెలలు పోయింది నా మాట వల్ల.

దేవుడి దయ, మందుల దయ. ఆరు నెలలు ఇద్దరూ ఒక్క పూట మానకుండా వేసుకున్నారు. మందులు సర్కారు ఉచితంగానే ఇచ్చింది. ఇద్దరికీ నయమైంది. పిల్ల బడికి పోతోంది. తమ్ముడు మళ్ళీ కౌలుకి దిగాడు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు బరువు.

అప్పటి నుంచి ఈ పొడుల సంగతి కొంచెం లోతుగా చూడటం మొదలుపెట్టాను. నేను డాక్టర్ని కాను, ఇంటర్ దాకా చదివిన సన్నకారు రైతుని. కానీ పురుగుమందు డబ్బా మీద రాసింది చదవడం ముప్పై ఏళ్ళుగా అలవాటు. మరి నోట్లో వేసుకునే డబ్బా మీద రాసింది ఎందుకు చదవలేదో నాకే అర్థం కాలేదు. ఇంట్లో మిగిలిన డబ్బా తీసి, కళ్ళజోడు పెట్టుకుని చదివాను.

ఒక మూల ఇంగ్లీషులో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని ఉంది. అంటే మందుగా వాడటానికి కాదు అని. ఇది వాళ్ళంతట వాళ్ళు మంచితనంతో రాసింది కాదు. 2016లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ పెట్టిన రూలు అది. ఇట్లాంటి ఆహార పొడులు, బిళ్ళలు అమ్మేవాళ్ళు ఆ మాట రాసి తీరాలి, రోగం తగ్గిస్తది అని చెప్పి అమ్మకూడదు. అందుకని డబ్బా మీద చెప్పరు, మీటింగులో నోటితో చెప్తారు. నోటితో చెప్పింది మన నోటితో ఊరంతా చెప్పిస్తారు. రేపు ఏదన్నా అయితే డబ్బా మీద ఏం రాసి ఉందో చూపిస్తారు. పట్టుబడేది ఊళ్ళో ఉన్న నువ్వూ నేనూ.

తర్వాత వెనక ఉన్న పట్టిక చదివాను. డబ్బాలో 300 గ్రాముల పొడి. రోజుకి రెండు చెంచాలు, అంటే పది గ్రాములు. ఆ పది గ్రాముల్లో ప్రోటీన్ రెండున్నర గ్రాములు. నెలంతా తింటే 75 గ్రాములు. డబ్బా మీద ధర 1,450 రూపాయలు. ఇప్పుడు లెక్క కట్టండి. కోడిగుడ్డు ఏడు రూపాయలు అనుకుంటే ఆ డబ్బుకి 200 పైగా గుడ్లు వస్తాయి. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంటది. అంటే 1,200 గ్రాములు. గుడ్డు తినని వాళ్ళు కందిపప్పు లెక్క వేసుకోండి, కిలోలో 200 గ్రాములకి పైనే ప్రోటీన్ ఉంటది. పత్తి గింజలకి, పురుగుమందుకి పావలా దగ్గర బేరం చేసే మనం ఈ లెక్క ఎందుకు వేయలేదు?

"ప్రోటీన్ కోసం కాదన్నా, ఇమ్యూనిటీ కోసం" అంటారు. సరే, ఆ ఇమ్యూనిటీ అంటే ఏందో పీహెచ్‌సీ డాక్టరమ్మ నాకు చెప్పిన తీరులోనే చెప్తా. మన రక్తంలో తెల్లకణాలు కావలి కాస్తా ఉంటాయి. అవి ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. క్రిమి లోపలికి వస్తే కొన్ని కణాలు దాన్ని మింగేస్తాయి, కొన్ని దానికి విరుగుడు తయారు చేస్తాయి. ఆ విరుగుడు కూడా ప్రోటీనే. ఒకసారి చూసిన శత్రువుని గుర్తు పెట్టుకునే కణాలు కూడా ఉంటాయి. టీకా చేసే పని అదే, రోగం రాకముందే శత్రువు మొహం చూపించి పెట్టడం. ఇదంతా జరగాలంటే తిండి, నిద్ర కావాలి. షుగరు అదుపులో ఉండాలి. పొగ, మందు తగ్గాలి. షుగరు ఉన్నవాళ్ళకి టీబీ వచ్చే అవకాశం లేనివాళ్ళ కంటే రెండు మూడు రెట్లు ఎక్కువంట. ఈ మాట ఏ మీటింగులోనూ చెప్పరు, చెప్తే డబ్బా అమ్ముడుపోదు.

ఇంకో మాట కూడా ఆమె చెప్పింది. ఈ శక్తి ఎంత పెరిగితే అంత మంచిది అనేది తప్పు. కావలివాడు మరీ రెచ్చిపోతే ఇంటివాళ్ళనే కొడతాడు. కొంతమందికి కీళ్ళు వాచి వంకర్లు పోయే జబ్బు వస్తది చూశారా, ఆ జబ్బు అట్లా వచ్చేదే. ఆయాసం, ఎలర్జీ కూడా కావలి అతిగా రేగడమే.

మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే జింకు సంగతి చూడండి. వరి నాటిన రెండు మూడు వారాలకి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి పైరు గిడసబారితే జింకు లోపం అంటాం. లీటరుకి రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి కొడితే పైరు లేచి నిలబడతది. చూసినవాడికి అద్భుతం లాగే ఉంటది. అదే లోపం లేని పొలంలో కొడితే? డబ్బు దండగ. ఇంక యూరియా ఎక్కువ వేస్తే పైరు నల్లగా నిగనిగలాడతది, తర్వాత సుడిదోమ వచ్చి కూర్చుంటది. విటమిన్లు కూడా అంతే. లోపం ఉన్నవాడికి అవి మందే, లోపం లేనివాడికి దండగ. భూసార పరీక్ష లేకుండా సూక్ష్మపోషకాలు వేయొద్దు అని ఒకరికొకరం చెప్పుకునే మనం, రక్త పరీక్ష లేకుండా డబ్బాలు మింగుతున్నాం.

లోపాలు లేవని నేను అనట్లేదు. బాగా ఉన్నాయి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. తెలంగాణలో 57.6 శాతం. అంటే మన ఇళ్ళల్లో ప్రతి ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరికి పైనే. నాటు వేసేది, కలుపు తీసేది, మిరప కోసేది వాళ్ళే. వాళ్ళకి కావాల్సింది ఐరన్ మాత్ర, అది ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుద్ది. మా ఇంట్లో ఆ మాత్రలు అటక మీద చీరల పెట్టెలో దొరికాయి. ఉచితం కాబట్టి విలువ లేదు, 1,450 పెట్టిన డబ్బా మాత్రం దేవుడి పటం పక్కన పెట్టుకున్నాం.

ఇక్కడ నన్ను తిట్టబోయేవాళ్ళు కొందరు ఉంటారని తెలుసు. "మన పెద్దల వైద్యాన్ని తక్కువ చేస్తున్నావా" అంటారు. లేదు. మునగాకుని నేను తక్కువ చేయను, నా పొలం గట్టు మీద పదకొండు మునగ చెట్లున్నాయి. మునగాకులో ఐరన్, కాల్షియం, విటమిన్ ఎ కి పనికొచ్చే పదార్థం అన్నీ ఉన్నాయి. ఉసిరికాయలో, జామకాయలో విటమిన్ సి దండిగా ఉంటది. ఒక్క మంచి జామకాయ తింటే ఆ రోజుకి సరిపోద్ది. ఆకుకూరలో నిమ్మకాయ పిండుకుంటే అందులో ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, అన్నం తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. ఇవన్నీ నిజాలే. నేను కాదనేది ఆకుని కాదు, ఆకు పేరు చెప్పి అమ్మే మాయమాటని. పచ్చి మునగాకులో ఉన్న విటమిన్ సి ఎండబెట్టి పొడి చేసేసరికి చాలావరకు పోతుంది. గట్టు మీద ఉన్న చెట్టు నుంచి ఆకు కోసి పప్పులో వేసుకుంటే పైసా ఖర్చు లేదు. మా మండలంలో మునగాకు కొనేవాళ్ళు రైతుకి కిలోకి ఎంత ఇస్తున్నారో, అదే పొడిగా మారి డబ్బాలో ఎంతకి వస్తుందో మీకే తెలుసు. మన ఆకు మనకే అమ్మి, మన భయాన్ని కూడా మనకే అమ్ముతున్నారు.

"ప్రకృతి సిద్ధం కదా, పనిచేయకపోయినా నష్టం లేదు కదా" అనేది ఇంకో మాట. ఈ మాట రైతు అనకూడదు. గన్నేరు ప్రకృతి సిద్ధం కాదా? ఉమ్మెత్త కాదా? కరోనా కాలంలో తిప్పతీగ కషాయం ఇంటింటా తాగారు. 2021లో ముంబై డాక్టర్లు కొందరు, తిప్పతీగ తాగి కాలేయం దెబ్బతిన్నదని ఆరుగురు రోగుల వివరాలు వైద్య పత్రికలో రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. అసలు తిప్పతీగ మంచిదే, దాన్ని పోలిన వేరే తీగ వాడి ఉండొచ్చు అంది. ఎవరిది రైటో తేల్చే చదువు నాకు లేదు. కానీ ఒకటి మాత్రం నాకు తెలుసు. పొడి చేసి డబ్బాలో పోశాక అది ఏ తీగో మనకి తెలియదు. చెట్టు మీద ఆకు చూసి పోల్చుకోగలం, పొడిని ఎట్లా పోల్చుకుంటాం? ఒంట్లో ముందే షుగరు మాత్రలో, బీపీ మాత్రలో, టీబీ మందులో పోతున్నవాళ్ళు ఏ పొడి వాడినా డాక్టరుకి చెప్పి వాడాలి. టీబీ మందులు కాలేయం మీద ముందే భారం పెడతాయి కాబట్టి వాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

మనం ఇంతకు ముందు ఒకసారి ఇట్లాగే మోసపోయాం, గుర్తుందా? పురుగుమందుల షాపుల్లో "బయో" అని సీసాలు. ఏ మందో రాసి ఉండదు, కొడితే చేను కాటుక లాగా ఉంటది అనేవాళ్ళు. నేనే ఒక ఏడాది మిరపకి పదకొండు వేలు పెట్టి కొట్టాను. చేను కాటుక కాలేదు, నా మొహం అయ్యింది. చివరికి 2021లో కేంద్రం ఆ సరుకులో చాలాదాన్ని ఎరువుల చట్టం కిందకి తెచ్చింది. పంట మీద కొట్టేదానికే చట్టం రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. మన ఒంట్లోకి పోయేదాని గురించి మనమే జాగ్రత్త పడాలి.

ఇప్పుడు అసలు మాటకి వస్తా. తిండికి, రోగాన్ని తట్టుకునే శక్తికి సంబంధం లేదా అంటే ఉంది. ఉందని గట్టిగా రుజువు చేసింది మన దేశమే. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2,800 మంది టీబీ రోగుల ఇళ్ళల్లో పెద్ద పరిశోధన చేశారు. 2023లో ల్యాన్సెట్ పత్రికలో వచ్చింది. రోగులందరికీ తిండి సామాను ఇచ్చారు. ఇంట్లో మిగతా వాళ్ళ విషయానికి వచ్చేసరికి, సగం ఊళ్ళ వైపు వాళ్ళకి కూడా ఇచ్చారు, మిగతా వైపు ఇవ్వలేదు. మొత్తం ఇంటి మనుషులు పదివేల పైచిలుకు. ఇచ్చింది ఏందో తెలుసా? పెద్దవాళ్ళకి తలకి నెలకి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, దాంతో పాటు విటమిన్ మాత్రలు. అంతే. ఆ తిండి అందిన ఇళ్ళల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల టీబీ, అదీ పరీక్షలో క్రిమి కనపడ్డ రకం, 48 శాతం తగ్గింది. రోగుల్లో కూడా మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్ళలో చావులు బాగా తగ్గాయి.

డాక్టరమ్మ ఈ సంగతి చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. బియ్యం, పప్పు! ప్రకాశం జిల్లా కందులు పండించే మనకి పప్పు గురించి ఎవడో చెప్పాలా? తమ్ముడి ఇంట్లో ఆ ఏడాది కందులు ఎన్ని ఉన్నాయి అని తర్వాత అడిగాను. ఏడు క్వింటాళ్ళు పండితే అప్పులవాడికి కట్టాలని అన్నీ అమ్మేశాడు. ఇంటికి నెలకి కిలో పప్పు కూడా తెచ్చుకోలేదు. పచ్చడి మెతుకులు, పల్చటి చారు. రెండు గేదెలు. పాలు రెండు పూటలా కేంద్రానికి. టీకి ఒక గ్లాసు ఉంచుకుని, పిల్లలకి నీళ్ళ మజ్జిగ. కోళ్ళు పెట్టిన గుడ్లు కూడా బడ్డీ కొట్టుకి.

వాడొక్కడేనా? మీ ఇంట్లో, మా ఇంట్లో ఎట్లా ఉంది? వెన్న శాతం తగ్గుద్దేమో అని చంటిదానికి గ్లాసు పాలు తీయడానికి వెనకాడిన ఇళ్ళు నాకు తెలుసు. పండించేవాడి పళ్ళెం అంత పేదగా ఎవడి పళ్ళెమూ ఉండదు. పాలు, పప్పు, గుడ్లు, జామకాయలు అన్నీ అమ్మి, వచ్చిన డబ్బుతో శక్తి పొడి కొంటున్నాం. ఈ మాట రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

అప్పు ఉన్నవాడు అమ్మక ఏం చేస్తాడు అని అడుగుతారు. నిజమే. నేనూ అప్పు ఉన్నవాడినే. అన్నీ ఉంచుకోమని చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ డబ్బాకి పెట్టిన 1,450 ఎక్కడి నుంచి వచ్చింది? ఆ డబ్బే పప్పుకి పెట్టండి అంటున్నా. ఏడు క్వింటాళ్ళలో అర క్వింటా ఇంటికి ఉంచుకుంటే ఏడాదంతా నెలకి నాలుగు కిలోల కందులు ఉంటాయి. తొమ్మిది లీటర్ల పాలలో ఒక లీటరు పిల్లలకి ఆపితే పాల బిల్లు కొంచెం తగ్గుద్ది, ఆసుపత్రి బిల్లు అంతకంటే ఎక్కువ తగ్గొచ్చు.

మా ఇంట్లో ఇప్పుడు ఏం చేస్తున్నామో చెప్తా, గొప్పకి కాదు. కందులు అమ్మే ముందే ఒక బస్తా విడిగా కట్టి మా ఆవిడ చేతికి ఇచ్చాను, దాని మీద నాకు హక్కు లేదు. పొద్దుటి పాలల్లో లీటరు ఇంటికే. వారానికి మూడు రోజులు మునగాకు పప్పు. గట్టు మీద రెండు జామ మొక్కలు, ఒక ఉసిరి, నాలుగు నిమ్మ పెట్టాను. ఆవిడకి రక్తం పరీక్ష చేయించాను, తొమ్మిది చిల్లర ఉంది. ఐరన్ మాత్రలు అటక మీద నుంచి దిగినాయి. నాకు షుగరు మొదలైందని ఆ రోజే తెలిసింది, మాత్ర వేసుకుంటున్నా. కొడవలి తెగితే ఇంతకు ముందు పసుపు అద్ది ఊరుకునేవాణ్ణి, ఇప్పుడు కడుక్కుని పోయి టీటీ సూది వేయించుకుంటున్నా. సూది కూడా రోగనిరోధక శక్తే, డబ్బాలో రాదు అంతే తేడా.

మీకు నేను చెప్పేది నాలుగు మాటలు.

రెండు వారాలకు మించి దగ్గు ఉన్నా, సాయంత్రం జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా కళ్ళె పరీక్షకి పోండి. ఏ పొడీ వద్దు, ఏ కషాయమూ ముందు వద్దు. పరీక్ష ఉచితం, మందులు ఉచితం. టీబీ ఉన్నవాళ్ళకి తిండి కోసం నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకులో పడతాయి. మొదట 2018లో ఐదు వందలతో మొదలుపెట్టారు, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. అది తిండికే పెట్టండి, వడ్డీకి కాదు. జబ్బు దాచుకోవద్దు, అది పాపం వల్ల వచ్చేది కాదు.

వేసుకుంటున్న షుగరు మాత్ర, బీపీ మాత్ర పొడి కోసం ఆపొద్దు. ఆపమని చెప్పినవాడు మన బంధువైనా సరే నమ్మొద్దు. బంధువు నమ్మే చెప్తాడు, నేను చెప్పినట్టే.

డబ్బా కొనేముందు వెనక్కి తిప్పి చదవండి. 14 అంకెల ఫుడ్ లైసెన్సు నెంబరు ఉందా, పదార్థాలు ఎంతెంత ఉన్నాయో రాశారా చూడండి. "నలుగురిని చేర్పిస్తే డబ్బులు" అన్నారంటే అక్కడే లేచి రండి. 2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ ప్రకారం మనిషిని చేర్పించినందుకు డబ్బు ఇచ్చే గొలుసు వ్యాపారం కుదరదు, చేరడానికి ఫీజు తీసుకోకూడదు.

చివరిది, పండించినదాంట్లో ఇంటి వాటా ముందు తీసి పెట్టండి. విత్తనానికి ముందు తీసి పెడతామే, అట్లా.

నా కింద చేరిన నలుగురి ఇళ్ళకీ పోయి నేను చెప్పింది తప్పు అని చెప్పి వచ్చాను. ఇద్దరికి డబ్బు తిరిగి ఇచ్చాను, ఇంకో ఇద్దరికి కంది డబ్బు వచ్చాక ఇస్తా అన్నాను. ఒకాయన మాత్రం "నాకు పనిచేసింది రా, మోకాళ్ళ నొప్పులు తగ్గినాయి" అన్నాడు. నేను వాదించలేదు. ఆయనకి నేను చెప్పింది ఒకటే. "బాబాయ్, నీకు బాగుంటే వాడుకో. పక్కవాడు దగ్గుతా వస్తే మాత్రం వాడికి డబ్బా ఇవ్వొద్దు, బండి ఎక్కించుకుని పీహెచ్‌సీకి తీసుకుపో."

ఈ పేజీ చదివే మీలో ఎవరన్నా నా పాత పోస్టు చూసి కొని ఉంటే నన్ను క్షమించండి. ఎవరికన్నా దగ్గు ఉండి ఆలస్యం చేస్తుంటే రేపు పొద్దున్నే బయలుదేరండి. నీళ్ళు ఎల్లుండి పెట్టుకోవచ్చు.

తప్పులుంటే కింద రాయండి, దిద్దుకుంటాను. కరెంటు పోయింది, ఇంటికి పోతున్నా. ఇవాళ మునగాకు పప్పు.